సూక్ష్మశకట చరిత్ర – 4: డెట్రాయిట్ బాలశిల్పులు

గత భాగమున నూరెంబర్గు నగరపు రేకుబొమ్మల కార్ఖానాలను గూర్చి చెప్పుకొంటిమి. కొట్టులో కొని, తాళముచెవి త్రిప్పి, గచ్చుమీద పరుగెత్తించి, స్ప్రింగు విఱిగిననాడు మూలకు త్రోయు బండ్లవి. అవి ఎట్లు తయారైనవో వానితో ఆడుకొను పిల్లవానికి తెలియవలసిన పని లేదు. ఈ భాగమునకు విషయమైన బండ్లు వేఱు జాతివి. పదునాఱేండ్ల బాలుడొకడు బడి విడిచిన పిమ్మట వంటయింటి బల్లమీదనో, ఇంటి క్రింది కొట్టుగదిలోనో నెలలతరబడి కూర్చుండి, మొద్దునుండి చెక్కి, నునుపుదేర్చి, పూతమీద పూత పూసి నిలువబెట్టిన బండ్లవి. వానిలో ఇంజను లేదు, స్ప్రింగు లేదు. వానితో ఎవరును ఆడుకొనలేదు. అట్టి బండ్లకొఱకు అమెరికాలోని ఒక మహాసంస్థ 1930 మొదలు 1968 వఱకు, నడుమ యుద్ధకాలపు విరామము తక్క, ఏటేట దేశమెల్ల గాలించి, వానిని చేసిన చేతులను వెదకి పట్టుకొనినదన్న సంగతి ఈ చరిత్రయందు మిక్కిలి విచిత్రమైన ఘట్టము.

ఆ సంస్థ పేరు ఫిషర్ బాడీ. దాని మూలము కారులో లేదు, గుఱ్ఱపుబండిలో కలదు. ఒహైయో రాష్ట్రమున నార్వాక్ అను చిన్నపట్టణములో లారెన్స్ ఫిషర్ అనునతడు బండ్లుచేయు వృత్తిలో జీవించుచు, తన ఏడుగురు కొడుకులకును ఆ విద్యయే నేర్పెను. వారిలో పెద్దవాడైన ఫ్రెడ్, అతని తమ్ముడు చార్లెస్ డెట్రాయిట్ చేరి, 1908లో పినతండ్రి ఆల్బర్టు సాయమున ఫిషర్ బాడీ కంపెనీని స్థాపించిరి. తక్కిన తమ్ములు ఒక్కరొక్కరుగా వచ్చి చేరిరి. గుఱ్ఱములు పోయి యంత్రము వచ్చినను, మనుష్యులు కూర్చుండు పెట్టెను కట్టుట మాత్రము బండివాని పనిగనే నిలిచియుండెను గదా! చలిగాలి, వాన, దుమ్ము సోకకుండ నాలుగువైపుల మూసిన కారును జనులు కోరుదురని ఈ సోదరులు ముందుగనే పసిగట్టిరి. 1910లో కాడిలాక్ సంస్థ అట్టి మూతకార్ల పెట్టెలను నూటయేబది కావలెనని అడిగినప్పుడు అది నాటి లెక్కలో సాహసముగనే తోచెను. 1919లో జనరల్ మోటర్స్ ఈ కంపెనీలో నూటికి అఱువది వంతుల వాటా కొనెను. 1926లో తక్కినదియు కొని, పూర్తిగ తనలో కలుపుకొనెను. కారు తలుపు తెఱచినవానికి గడపకడనే కనబడు ఫిషర్ ముద్రికపై ఒక రాజరథము చిత్రింపబడియుండెడిది. నెపోలియన్ చక్రవర్తి పట్టాభిషేకమునకును, మేరీ లూయీజ్‌తోడి వివాహమునకును వాడిన రథములను మేళవించి కల్పించిన చిత్రమది. బండ్లవాని కొడుకులు కోట్లకు పడగెత్తినను తమ కులవిద్యను దాచుకొనలేదు. దానికి కిరీటము పెట్టి తలుపు తలుపునకు అంటించిరి.

1929లో ధనవిపణి కూలి, అమెరికాలో కర్మాగారములు ఒకటొకటిగ మూతబడుచున్న దినములలో, 1930లో, ఈ సంస్థ 'ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్' అను బాలశిల్పుల శ్రేణిని నెలకొల్పెను. పండ్రెండు మొదలు పందొమ్మిదేండ్ల ప్రాయము వఱకు గల బాలురందఱును చేరవచ్చును. చేరుటకు రుసుము లేదు. కావలసిన నమూనా పటములు సంస్థయే ఉచితముగ పంపును. చేయవలసిన దొక్కటే: ముద్రికపైనున్న ఆ నెపోలియన్ రథమును చిన్నదిగ, సాంగోపాంగముగ, స్వహస్తములతో చేసి పంపుట. నలువురు విజేతలకు ఒక్కొక్కరికి ఐదువేల డాలర్ల విశ్వవిద్యాలయ విద్యార్థివేతనము. నాడు ఒక షెవ్రొలే కారు ఐదాఱువందల డాలర్లకు దొరకుచుండెనని జ్ఞాపకముంచుకొన్నచో, పని పోయిన తండ్రికి ఆ మొత్తము చెవిని బడినప్పుడు ఎట్లుండెనో పాఠకులే ఊహించుకొనగలరు. అమెరికా బాలభట ఉద్యమమునకు ఆద్యులలో నొకడైన డేనియల్ కార్టర్ బేర్డ్ వృద్ధుడయ్యు ఈ శ్రేణికి గౌరవాధ్యక్షుడుగ నుండెను.

ఇందు వ్యాపారము లేదని చెప్పుట అమాయకత్వము. బాలుడు పేరు నమోదు చేసికొనవలసినది జనరల్ మోటర్స్ కార్లమ్ము అంగడిలోనే. పండ్రెండేండ్లవాడు ఒంటరిగ పోడు, తండ్రిని వెంటబెట్టుకొని పోవును. కొడుకు పత్రము నింపునంతసేపు తండ్రి ఊరకుండక, నిగనిగలాడు కొత్తబండి చుట్టు రెండు ప్రదక్షిణములు చేయును. దీనిని పన్నినవారు తెలివిగలవారే. ఐనను వ్యాపారోద్దేశము కలదన్నంతమాత్రమున విద్యాదానము దానము కాకపోదు. ఆ అంగడి గడప త్రొక్కిన బాలురలో కారు కొన్న తండ్రులు గలవారెందఱో లెక్క ఎవరికి కావలెను? ఉలి పట్టుట నేర్చినవారెందఱన్నదే ఈ చరిత్రకు పనికివచ్చు లెక్క.

ఆ రథమును చేయుట ఎంత పనియో చూతము. పెట్టె వంపులు తిరిగిన కొయ్యపని, అది వడ్రంగము. చక్రములకు ఆకులు వేఱువేఱుగ తీర్చి, కుండలో గ్రుచ్చి, చుట్టు పట్టా బిగింపవలెను. అది బండివాని పని. కప్పుమీద కిరీటము, మూలలందు పక్షులు, అంచులవెంట లతలు. అది చెక్కడపుపనియు, పోతపనియు. తలుపులు తెఱచుకొనవలెను; లోపల పట్టుబట్టతో మెత్తలు కుట్టి అమర్పవలెను; అది దర్జీపని. వీనియన్నిటిపై రంగు, బంగారుపూత. పెద్దలలో ఇన్ని వృత్తులు ఇన్ని ఇండ్లలో ఉండగ, ఇచ్చట ఒక్క బాలుడే వడ్రంగి, కమ్మరి, కంసాలి, దర్జీ, చిత్రకారుడు కావలసియుండెను. తల్లుల కుట్టుపెట్టెలు, తాతల పనిముట్లపెట్టెలు దోపిడి కాని యిల్లు ఆ సంవత్సరములలో ఉండియుండదు. మొదటిసారి, అనగా 1931లో, విజేతలైన నలువురిలో డొనాల్డ్ బర్న్‌హామ్ అను బాలుడొకడు. ఆ వేతనముతో పర్డ్యూ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము చదివి, కాలక్రమమున వెస్టింగ్‌హౌస్ అను విద్యుద్యంత్ర మహాసంస్థకు అధిపతియైనాడు.

చక్రవర్తి రథమునకు నకలు దింపించుట వృథాశ్రమయనియు, అనుకరణముచేత బాలుని బుద్ధి మొద్దుబాఱుననియు వాదింపవచ్చును. ఈ మతమును నేనంగీకరింపను. సంగీతము నేర్చువాడు సరళీవరుసలతో మొదలిడును గాని మనోధర్మముతో కాదు. పటములోని గీతకును, చేతిలోని కొయ్యకును నడుమ వెండ్రుకవాసి తేడా వచ్చినను అది తనకు కనబడుట అను కన్ను, నకలు దింపువానికే పుట్టును. ఐతే ఆ సరళీవరుసలోనే జీవితకాలము కూర్చుండబెట్టుట తగదన్నది నిజమే. సంస్థవారికిని ఏడేండ్లలో ఆ సంగతి తట్టినది.

1937లో పోటీకి రెండవ శాఖ ఏర్పడెను: బాలుడు తన ఊహలోని కారును తానే రూపించి, పండ్రెండవ వంతు ప్రమాణమున నమూనా చేసి పంపవచ్చును. దీని వెనుక గల కాలధర్మము గ్రహింపదగినది. 1927లో జనరల్ మోటర్స్ హాలివుడ్ ప్రాంతమునుండి హార్లీ అర్ల్ అను ఆజానుబాహువును పిలిపించి, కారు అందమునకే ప్రత్యేకముగ ఒక శాఖను అప్పగించెను. అంతకుముందు కారును యంత్రజ్ఞుడు కట్టెడివాడు. అందము మిగిలినచోట అబ్బెడిది. అర్ల్ రూపించిన 1927 నాటి లసాల్ కారుతో ఆ వరుస తిరుగబడెను. ఇంకొకటి: ఇతడు రేకును, కొయ్యను సుత్తితో కొట్టి చూచుటకు ముందు, కారు రూపమును బంకమన్నుతో చేసి చూచెడివాడు. మన్ను చెప్పినట్లు వినును. తప్పైనచో తీసివేయవచ్చును, చాలనిచోట అద్దవచ్చును. కోట్లు వెచ్చించి అచ్చులు పోయించుటకు ముందు పెద్దలు చేయు పనియే ఈ నమూనా నిర్మాణము. కావున బాలుర పోటీలో కారును ప్రవేశపెట్టినప్పుడు సంస్థ వారికి ఆట నేర్పలేదు. తన గర్భగృహములోని విద్యనే వారికి చూపించినది. యుద్ధకాలమున పోటీ ఆగి, 1946 ప్రాంతమున మరల సాగిన కొద్దికాలమునకే రాజరథము పూర్తిగ తప్పుకొనెను. పిదప ఇరువదేండ్లు కారే కారు.

పండ్రెండవ వంతు అను ప్రమాణము ఊరక కుదిరినది కాదు. పండ్రెండంగుళములు ఒక అడుగు గాన, పెద్దకారులోని అడుగు నమూనాలో అంగుళమగును. పిల్లవాడు తండ్రి కొలబద్దతోనే లెక్క కట్టుకొనగలడు. రెండువందల అంగుళముల కారు పదునాఱంగుళముల పైచిలుకు మొద్దులో ఇమిడిపోవును. మొదట ప్రక్కనుండి, ముందునుండి, పైనుండి చూచిన మూడు రూపములను కాగితముపై గీయవలెను. ఈ మూడు గీతలు ఒకదానితో నొకటి పొసగవలెను. ప్రక్కచూపులో సొగసైన వంపు పైచూపులో గూనిగ తేలుట మొదటిసారి ప్రతివానికిని జరుగును. పిమ్మట అట్టతో వంపుల అచ్చుబద్దలు కత్తిరించి, వానిని మొద్దుకు ఆనించి చూచుకొనుచు చెక్కవలెను. కొందఱు మెత్తని కొయ్యనే చెక్కిరి; కొందఱు మొదట మన్నుతో చేసి, దానినుండి ప్లాస్టరు అచ్చు తీసి, మరల ప్లాస్టరు పోసి గట్టి రూపము సంపాదించిరి. కారు రెండుప్రక్కలు సమానముగ నుండవలెనన్నది చెప్పుటకు తేలిక. కుడిచేతివానికి ఒకప్రక్క ఎప్పుడును అనుకూలము, రెండవప్రక్క ఎప్పుడును ప్రతికూలము. అందుచేత ఎడమ చెక్కిలి ఉబ్బిన కార్లు, కుడి భుజము జాఱిన కార్లు పుట్టుచుండెను.

ఇంతవఱకైనను పాతిక పాలే. నమూనాను గెలిపించునదియు, చెడగొట్టునదియు రంగు.

ఇచ్చట కొంచెము వెనుకకు పోవలెను. గుఱ్ఱపుబండ్ల కాలమున రంగువేయుటయనగా వారములపని. నూనె వార్నీషు గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని మెల్లమెల్లగ గట్టిపడును. పూత ఆఱిన తరువాత రాచి, మరల పూత పూయవలెను. తొలి మోటారుకార్లును ఇట్లే కొట్లనిండ ఆఱుచు పడియుండెడివి. ఫోర్డు తన కార్లను చాలకాలము నల్లరంగుతోనే అమ్మెనన్నది అందఱకు తెలిసినదే. డ్యూపాంట్ సంస్థ, తుపాకిమందు కుటుంబమునకే చెందిన నైట్రోసెల్యులోజ్ నుండి, 'డ్యూకో' అను లక్కరును తీసినది. 1924 నాటి ఓక్‌లాండ్ కారు నీలివర్ణముతో దీనిని ధరించి అంగడికి వచ్చెను. ఇది గాలిని పీల్చి గట్టిపడదు; తనలోని ద్రావకము ఎగిరిపోగనే ఆఱిపోవును. వారములు గంటలైనవి, నలుపు ఇంద్రధనుస్సైనది. బాలశిల్పికి ఇందు ఇంకొక ఉపకారము కలదు: లక్కరు మీద లక్కరు పడినప్పుడు క్రింది పూత పైపైన కరగి పైపూతతో కలిసిపోవును గాన, పొరలు విడివిడిగ నుండక ఏకమగును, దోషమున్నచోట రాచి, మరల పూసి, అతుకు తెలియకుండ చేయవచ్చును.

కాని రంగునకు ఒక మొండిగుణము కలదు. శిల్పి కారును పండ్రెండవ వంతునకు కుదింపగలడు, రంగును కుదింపలేడు. నిలువెత్తు కారుపై పూత మందము మిల్లీమీటరులో పదవవంతు ఉన్నదనుకొందము. అదే మందము నమూనాపై నున్నచో, దాని లెక్కలో అది మిల్లీమీటరునకు మించి, ఒంటికి మించిన కంబళివలె కప్పుకొన్నట్లగును. తలుపుచుట్టు గీసిన సన్నని గాడి పూడిపోవును. కత్తివాదరవలె తీర్చిన అంచు మొద్దుబాఱును. లోహపుపొడి కలిపిన మిఱుమిట్ల రంగులతో చిక్కు ఇంకను హెచ్చు: పొడిలోని రేణువు చిన్నకారుకొఱకు చిన్నది కాదు గాన, వీధిలో పట్టువలె మెఱసిన రంగు నమూనాపై ఇసుక చల్లినట్లుండును. కావుననే తెలిసినవాడు ఒక్క మందపుపూత వేయక, పొగమంచువలె పలుచని పూతలు అనేకము వేసి, నడుమ నడుమ నీటితో తడిపిన సన్నని ఉప్పుకాగితముతో రాచి, వేసినదానిలో సగము తీసివేయును. పెట్టినదానిని తీసినకొలది నిగారింపు వచ్చుట ఈ విద్యలోని వింత.

రంగుకంటె ముందు పునాది కలదు. కొయ్య తేమ పీల్చి నారలు లేపును. దానిని పూరకముతో మూసి, బూడిదవర్ణపు తొలిపూత వేసి, ఆఱిన పిదప నీటితో తడిపి, కిటికీ వెలుతురునకు ఏటవాలుగ పట్టి చూడవలెను. వెలుగుగీత కారు నడుమునుండి తోకవఱకు తెగక జాఱినచో వంపు కుదిరినట్లు. ఎక్కడ వణకునో అక్కడ పల్లమో, మెఱకయో కలదు. డెట్రాయిట్ రూపశాలలలో పెద్దలు చేయు పరీక్షయు ఇదియే. మన కొండపల్లి శిల్పి పొనికి కొయ్యను చెక్కి, చింతగింజల పొడియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నపుపూత వేసి గాని రంగు ముట్టడు; పునాది దాచినదానిని రంగు దాచదని అతనికి తాతలు చెప్పిరి. అమెరికా బాలునికి తాత లేనిచోట గిల్డువారు పంపిన చిన్నపుస్తకము చెప్పెను.

కాంతికొఱకు ఇత్తడిని, అల్యూమినియమును కోసి, ఆకురాయితో రాచి, మెఱుగుపెట్టి ముందఱి జాలులు, అంచుబద్దలు, చక్రపు టోపీలు అమర్చిరి. పిదప నమూనా కదలకుండ చెక్కపెట్టెలో బిగించి రైలుమీద పంపుట. అదియు ఒక నిర్మాణమే. నిర్ణేతలు రూపమునందలి నూతనత్వమును, కారుగ నిజముగ కట్టుటకు పొసగునా అన్న సంగతిని, చేతిపనితనమును చూచెడివారు. గెలిచినవారిని డెట్రాయిట్ రప్పించి, విందు చేసి, కర్మాగారములు చూపి పంపెడివారు. బీదయింటి బాలునికి గొప్ప హోటలు గదియు, తనపేరు వ్రాసిన విందుబల్లయు బహుమతి సొమ్మునకు తీసిపోవు.

ఈ వడపోతలో దిగినవారెవరు? 1946లో గెలిచిన చిన్నవారిలో వర్జిల్ ఎక్స్‌నర్ కుమారుడు, తండ్రి పేరే గలవాడు, ఒకడు. తండ్రి అప్పటికే స్టూడిబేకర్ సంస్థలో పేరుగన్న రూపశిల్పి గాన ఆ యింట ఈ విద్య సహజమే. 1947 విజేత చార్లెస్ జోర్డన్ కథ వేఱు. కాలిఫోర్నియావాడు, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున యంత్రశాస్త్రము చదువుచున్నవాడు, పోటీలో గెలిచి, 1949లో జనరల్ మోటర్స్ రూపశాలలో చేరెను. 1959 నాటి, తోకరెక్కలు ఆకాశమంటిన కాడిలాక్ అతడు కాడిలాక్ రూపశాలకు పెద్దయైయున్న దినములది. 1986లో సంస్థ రూపశాఖకు ఉపాధ్యక్షుడై, 1992 వఱకు ఆ పీఠమున నుండెను. ఏ సంస్థ బాలునిగ తన్ను ఏరుకొన్నదో ఆ సంస్థ కార్ల రూపరేఖలన్నిటికి బాధ్యుడైనాడు. గిల్డు గడప దాటి డెట్రాయిట్ రూపశాలలకు చేరినవారు ఇంకను పెక్కురు.

ఐతే గడప అందఱకు తెఱువబడలేదు. పోటీ బాలురదే, బాలికలకు ప్రవేశము లేదు. మెత్తలు కుట్టిన తల్లుల, అక్కల చేతిపని ఎన్ని రథములలో కలదో ఎవరును వ్రాయలేదు. దేశపు చేతులను గాలించితిమని చెప్పుకొన్న సంస్థ సగము చేతులను చూడనే లేదు. కాలమట్టిదని సమర్థింపవచ్చును, కాని కాలమును ముందుగ చూచుటయే తమ వృత్తియని చెప్పుకొన్నవారి విషయమున ఆ సమర్థన నాకు రుచింపదు.

ఇంతలో ఆ డెట్రాయిట్ నగరముననే ఇంకొక సంగతి జరిగెను. వెస్ట్ గాలోగ్లీ అను న్యాయవాది 1948లో 'అల్యూమినమ్ మోడల్ టాయ్స్' అను చిన్న సంస్థను స్థాపించి, ఫోర్డు కారునకు చిఱు ప్రతులు పోతపోయించి, ఆ కంపెనీ అసలు రంగులనే వానికి వేసి, అంగడులలో బేరగాండ్ర పిల్లలకు ఇచ్చుటకు అమ్మెను. కొద్దికాలమునకే అల్యూమినియము పోయి ప్లాస్టిక్ వచ్చినది. సంస్థ పేరు ఏ.ఎమ్.టీ. అని పొట్టియైనది. ప్రమాణము ఇరువదియైదవ వంతు, కారు ఎనిమిదంగుళములు. 1958లో ఈ ప్రతులనే ముక్కలుగ విడదీసి పెట్టెలో పెట్టి అమ్మసాగిరి. ఒక్క పెట్టెతో మూడు విధములుగ కట్టవచ్చును: అంగడిలో వచ్చినట్లు, సొంతముగ సింగారించినట్లు, పందెపుబండివలె. ఉక్కు అచ్చు చేయించుటకు చాల ఖర్చు. ఒకసారి చేయించినపిమ్మట కరిగిన పాలీస్టైరీన్ కొద్ది క్షణములలో కారై బయటపడును. కొంచెము చిల్లర కూడబెట్టిన ప్రతి బాలునికిని, ఒక మధ్యాహ్నములో, ఉలి ముట్టకయే కారు దొరకెను.

దీనిని పతనమని నిట్టూర్చువారు కలరు. నేను వారితో పూర్తిగ ఏకీభవింపను. గిల్డు కారు వేలలో ఒక్కనిచేత పూర్తియగును. పెట్టెకారు పదింట తొమ్మిదుగురిచేత పూర్తియగును. రూపము పెట్టెలోనే వచ్చినను రంగు పెట్టెలో రాలేదు. పలుచని పూతలు, తడి ఉప్పుకాగితము, కిటికీ వెలుగు; ఈ విద్యయంతయు కొయ్యనుండి ప్లాస్టిక్‌మీదికి చెక్కుచెదరక దిగివచ్చెను. ఒక పెట్టెలోని ముందుభాగమును ఇంకొక పెట్టెలోని వెనుకభాగమునకు అతికి, గాడి పూడ్చి, ఎవరును చూడని కారును పుట్టించిన బాలుడు, తనకు తెలియకయే గిల్డు పరీక్షకు కూర్చున్నవాడే. పోయినది ఒక్కటి: మూడు గీతలను కాగితముపై పొసగించు కష్టము. ఆ కష్టములేక రూపశిల్పి పుట్టడు. అభిరుచిగలవాడు మాత్రము పుట్టును.

1968లో గిల్డు మూతపడెను. పదునాఱేండ్లవాని సాయంకాలములకు గిరాకి పెరిగినది. రూపశిల్పము నేర్పు కళాశాలలు వెలసినవి. చేతులను వెదకుటకు కంపెనీకి ఇంత చుట్టుదారి అవసరము లేకపోయినదని నాకు తోచును. చేసినవారికే తిరిగి చేరిన నమూనాలు అటకలెక్కినవి, కొన్ని వేలము పాటలకెక్కినవి, కొన్ని స్మిత్సోనియన్ సంగ్రహమునకు చేరినవి.

అట్లాంటిక్ ఆవలితీరమున, లండను నగరమున, లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ అను ఇద్దఱు 1947లో స్థాపించిన లెస్నీ అను పోతపని సంస్థ 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక రథమును అరచేతిలో ఇముడునంత చేసి, పదిలక్షలకు పైగా అమ్మి, ఆ లాభముతో అగ్గిపెట్టె ప్రమాణపు కార్లకు దిగిన వృత్తాంతము వచ్చు భాగమున.

(సశేషము)